ఊరికి నీడ, వాడకు ఎండ

ప్రతి ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం వస్తుంది. ఆ వారంలో పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, ఫొటోలు తీసి పంపమని బడికి కాగితం వస్తుంది. మేమూ పెడతాం. "ఎవరూ లేనప్పుడు ఫ్యాను ఆపాలి, లైటు ఆపాలి, ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టాలి" అని నల్లబల్ల మీద రాస్తాం. పిల్లలు చూసి రాసుకుంటారు. 2020 జనవరి నుంచి ఇండ్లలో వాడే ఏసీలు ఆన్ చేయంగానే 24 డిగ్రీల దగ్గరే మొదలు కావాలని కేంద్రం నియమం పెట్టింది. అది కూడా చెప్తాం. మంచి నియమమే. కాని మా తరగతిలో ఏసీ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు.

పోయినసారి పోటీ అయిపోయినాక ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల లేచి నిలబడింది. "సా, ఎండాకాలం మా నాయన లోపల ఉండలేక ఫ్యాను ఆపేసి, రోడ్డుకాడ చింతచెట్టు కింద పండుకుంటాడు. అది కూడా పొదుపేనా సా?" అని అడిగింది.

పిల్లలంతా నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. అట్లాంటి కాలనీలోనే పుట్టి, ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకొని, ఇరవై ఏండ్లుగా పాఠాలు చెప్తున్న మేం ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు. ఎండ అందరికీ ఒకటే గదా అనుకున్నాం. ఎండ అందరికీ ఒకటే కావచ్చు, నీడ మాత్రం అందరికీ ఒకటి కాదు. ఆ పిల్లకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

పొదుపు పాఠం ఎవరికి?

ముందు లెక్క చూద్దాం. మన ఇండ్లలో తిరిగే మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక యూనిట్ మీద కొంచెం కాలుతుంది. టన్నున్నర ఏసీ గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ తింటుంది. ఒక రాత్రి ఎనిమిది గంటలు ఏసీ నడిచిన కరెంటుతో మన ఇంటి ఫ్యాను పది రోజులు తిరుగుతుంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంటికి పోయి పొదుపు చేయండి అని చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. కరెంటు పొదుపులో మనం ఇప్పటికే మొదటి ర్యాంకు. ఇష్టపడి తెచ్చుకున్న ర్యాంకు కాదు, లేనితనం ఇచ్చిన ర్యాంకు.

ఇంకో మాట. కరెంటు లేని జిల్లా కాదు మనది, కరెంటు పుట్టే జిల్లా. రామగిరి గుట్టల మీద గాలిమరలు 1990ల నుంచే తిరుగుతున్నాయి. నంబులపూలకుంటలో 2016 నుంచి సోలారు పలకలు కనుచూపు మేర పరుచుకొని ఉన్నాయి. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో కూడా అంతే. ఇప్పుడు జిల్లాను రెండు చేసి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాను విడదీసినారు గాని, ఎండా గాలీ రెండు జిల్లాలదీ ఒకటే. ఏ ఎండ మన తలల మీద కాస్తుందో ఆ ఎండనే పట్టి తీగల మీద పంపిస్తున్నారు. ఆ కరెంటు పెద్ద పట్టణాల్లో పెద్ద గదులను చల్లబరుస్తుంది. పలకల పక్క ఊరి దళితవాడలో మాత్రం మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకొని చెట్టు వెతుక్కుంటారు.

ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 2019లో నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేసినారు. అది దానం కాదు, హక్కు. కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వలేదనో, మీటరు చచ్చిపోయిన తాత పేరు మీద ఉందనో ఆ హక్కు దక్కని ఇండ్లు వాడల్లో ఇంకా ఉన్నాయి. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి బిల్లులు చూడాలి. అయితే 200 యూనిట్లు ఉచితంగా ఇచ్చినా కాలే స్లాబు కింద ఫ్యాను చేసే పని ఏంటి? కప్పు కింద పోగైన వేడిగాలిని కిందికి నూకుతుంది. గదిలో గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ సంస్థ చెప్పకముందే మన ఆడవాళ్ళకు తెలుసు. "నిప్పుల గాలి కొడతాంది, ఆపప్పా దాన్ని" అని అనేది అందుకే.

కాబట్టి ఇంటి చల్లదనం ముందు కరెంటులో లేదు. కప్పులో ఉంది, గోడలో ఉంది, కిటికీలో ఉంది, పక్కన చెట్టు పెట్టుకునే స్థలంలో ఉంది. ఆ నాలుగూ కులాన్ని బట్టి పంచినారు. మా మాట అదే.

కప్పుకు కూడా కులం ఉంది

ఊర్లలో అంటరానివాళ్ళ మీద ఉన్న కట్టుబాట్లను బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక జాబితాగా రాసి పెట్టినారు. ఊరి బయట, దక్షిణాన బతకాలనేది అందులో ఉంది. భూమి, పశువులు సంపాదించడం నేరమనేది ఉంది. పెంకుటిల్లు కట్టుకోవడం నేరమనేది కూడా ఉంది. ఇంటి కప్పు మీద నిషేధం ఏంటని ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం ఎందుకు? కప్పు అంటే హోదా. కప్పు అంటే మధ్యాహ్నం పూట నిద్ర. అది మనకు దక్కకూడదనేదే ఆ కట్టుబాటు.

మన అనంతపురం వైపు పాత ఇండ్లు రెండు రకాలు. ఊర్లో మిద్దెలు, గేర్లలో బోద కొట్టాలు. మిద్దె ఎట్లా కట్టేవాళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. రాతి గోడ మట్టితో రెండడుగుల మందం లేపి, దూలాలు వేసి, దంతెలు పరిచి, పైన కట్టెలు, మండలు కప్పి, దాని మీద మట్టి, ఆపైన చవుడు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పరిచేవాళ్ళు. వెలుతురుకూ పొగకూ గవాచి. బయట ఎంత కాసినా ఆ మందం దాటి వేడి లోపలికి వచ్చేసరికి పొద్దు గుంకేది. ఏ కరెంటూ లేకుండా చల్లగా ఉండేది. ఇప్పుడు పట్నంలో చదువుకున్న ఇంజనీర్లు మట్టి ఇల్లు గొప్పదని చెప్తుంటే వింటున్నాం. గొప్పదే. కాని ఆ చవుడు వంక దగ్గర నుంచి తట్టల్లో మోసిన తలలు ఎవరివి? ఆ రాయి కొట్టిన చేతులు ఎవరివి? మిద్దె కట్టడం మనవాళ్ళకు బాగా తెలుసు, మిద్దెలో పండుకోవడమే తెలీదు. దూలానికి సొంత చెట్టుండాలి, మట్టి తోలడానికి బండ్లుండాలి, అంత మందం గోడకు స్థలం ఉండాలి. భూమి లేనివాడికి మిద్దె ఎక్కడిది?

మేం పుట్టింది బోద కొట్టంలో. గుట్ట మీద బోద కోసుకొచ్చి కప్పేవాళ్ళు. నిజం చెప్పాలంటే అదీ చల్లగానే ఉండేది. కాని కొట్టాన్ని పొగడే పని మేం చేయం. వానకు కారేది. తేళ్ళు, పాములు. ఎండాకాలం ఒక నిప్పురవ్వ పడితే వరుస అంతా బూడిద. కొట్టం కాలిపోతే పక్కింటి వాళ్ళ పంచలో గోనెపట్ట మీద పండుకున్న రాత్రులు మాకు ఇంకా గుర్తున్నాయి. అందుకే "పక్కా ఇల్లు" అనే మాట వింటే మా అమ్మ కండ్లు మెరిసేవి. పక్కా ఇల్లు కోసం మనవాళ్ళు ధర్నాలు చేసినారు, ఆఫీసుల చుట్టూ చెప్పులు అరగదీసినారు. ఆ పోరాటం తప్పు కాదు, అది ఆత్మగౌరవ పోరాటం. మన జిల్లాలో ఆర్డీటీ వేల కుటుంబాలకు ఇంటి ఆడమనిషి పేరు మీదనే ఇండ్లు కట్టించింది. 2006 నుంచి ఇందిరమ్మ ఇండ్లు, 2020 డిసెంబరు నుంచి జగనన్న కాలనీలు వచ్చినాయి.

ఇల్లు వచ్చింది. చల్లదనం రాలేదు. నాలుగైదు అంగుళాల స్లాబు పొద్దంతా ఎండ తాగుతుంది. సాయంత్రం బయట గాలి చల్లబడే వేళకు తాగిన వేడిని లోపలికి వదలడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి పదకొండు గంటలకు కూడా స్లాబు కింది వైపు చెయ్యి పెడితే కాలుతుంది. రేకుల ఇల్లు ఇంకో రకం. రేకుకు దాచుకునే మందం లేదు, పొద్దున తొమ్మిదికే సెగ దించుతుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. పీఠభూమి గనుక తెల్లవారుజామున బయట కాస్త చల్లగాలి ఉంటుంది. ఆ గాలి లోపలికి రావాలంటే ఒక దారి, వేడి బయటికి పోవాలంటే ఎదురుగా ఇంకో దారి ఉండాలి. ఒకే తలుపు, ఒకే చిన్న కిటికీ పెట్టి, మిగిలిన మూడు వైపులా పక్కింటి గోడ తగిలించి కట్టిన ఇంట్లో గాలి ఎటు నుంచి ఎటు పోవాలి?

సెంటున్నరలో చెట్టు యాడ పెట్టాలి?

2020లో పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర, అంటే 72 గజాల మీద కొంచెం. పట్టణాల్లో ఒక సెంటు, అంటే 48 గజాలు. ఇల్లు, మరుగుదొడ్డి, నీళ్ళ తొట్టి పోగా కోడిపిల్ల తిరగడానికి కూడా చోటు లేదు. 2025లో కొత్త ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది. ఆ మూడు సెంట్లు మన చేతికి కొలిచి ఇచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. సెంటు అంటే కాగితం మీద అంకె కాదు, ఇంటికి పడమర పక్కన ఒక కానుగ చెట్టు.

స్థలం ఎంత అనేదే కాదు, ఎక్కడ అనేది కూడా చూడండి. ఊరి నడిమి వీధిలో వేపచెట్లు, రచ్చకట్ట, రావిచెట్టు, గుడి ముందు నీడ. కాలనీ ఎక్కడ? ఊరికి ఎడంగా, ఎవరికీ పనికిరాని రాళ్ళ దిన్నె మీద. మొక్క నాటితే గడ్డపార దిగదు. దిగినా నీళ్ళు లేవు. మన జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. తాగే నీళ్ళ కోసం కొళాయి దగ్గర బిందెలు వరుస పెట్టే చోట మొక్కకు ఎవరు పోస్తారు? చెట్టు నాటితే బతికించుకోరు అని మన మీద నింద వేసే ఆఫీసర్లు ముందు కొళాయి వరుస చూసి మాట్లాడాలి.

2006 ఫిబ్రవరి 2న దేశమంతటికీ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ తర్వాత ఏండ్ల తరబడి చెరువు గట్ల మీద, రోడ్ల వెంట గుంతలు తవ్వి మొక్కలు నాటింది ఎక్కువగా మన ఆడవాళ్ళే. దేశానికి నీడ నాటిన చేతులు అవి. ఆ మొక్కల్లో ఎన్ని దళితవాడల్లో నాటించినారు? ప్రతి ఊర్లో పంచాయతీ రికార్డు తీయించి అడగాల్సిన ప్రశ్న ఇది.

ఈ ఎండ ఎవరిని ముందు కొడుతుంది?

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెడతారు. పిల్లల మేలు కోసమే. పన్నెండున్నరకు గంట కొట్టి ఇండ్లకు పంపిస్తాం. మిద్దె ఉన్న పిల్లోడు ఇంటికి పోయి అన్నం తిని నిద్రపోతాడు, లేచి చదువుకుంటాడు. మన పిల్లోడు సరిగ్గా రేకు ఎర్రగా కాలే వేళకు ఆ రేకు కిందికి పోతాడు. వాడికి బడి వరండానే ఇంటికన్నా చల్లన. సాయంత్రం ఇల్లు దిగులు, రాత్రి ఉక్క, నిద్ర లేదు, పొద్దున్నే పరీక్ష. మార్కులు తగ్గితే "వాళ్ళకు చదువు అబ్బదు" అనే మాట స్టాఫ్‌రూముల్లో మేం చెవులారా విన్నాం. రాత్రంతా నిద్ర లేని పిల్లకు ఏ చదువు అబ్బుతుందప్పా?

రాత్రి కాగానే మగవాళ్ళం మంచాలు రోడ్డు మీదికి ఈడ్చుకుంటాం. ఆడవాళ్ళు, వయసొచ్చిన పిల్లలు ఎక్కడ పండుకుంటారు? లోపలే. వాళ్ళు బయట పండుకుంటే మనమే ఊరుకోం, పండుకోనిచ్చేంత భద్రత ఊరూ ఇవ్వదు. పగలు పొయ్యి సెగ, రాత్రి స్లాబు సెగ. బాలింతలు, చంటిబిడ్డలు, మంచాన పడిన ముసలివాళ్ళు కూడా లోపలే. ఎండాకాలం గురించి మాట్లాడేటప్పుడు మనం కూలికి పోయే మగవాడి నెత్తి మీది ఎండనే చూస్తాం. ఇంట్లో కూర్చున్న ఆడమనిషి నెత్తి మీది రేకును చూడం. ఈ తప్పు ఊరిది మాత్రమే కాదు, మనది కూడా.

మూడేండ్ల కిందట మే నెలలో మా వాడలో ఒక అవ్వ చచ్చిపోయింది. పొలం పోలేదు, ఎండలో నడవలేదు. రేకుల ఇంట్లో మంచం మీద పండుకొని ఉండింది. మధ్యాహ్నం పక్కింటి కోడలు మజ్జిగ తీసుకొని పోతే ఒళ్ళు కొలిమిలాగ ఉండిందంట, పలుకు లేదంట. "ముసలిదయింది, గుండె ఆగిపోయింది" అనుకున్నారు. సాయంత్రానికి మట్టి చేసినారు. తర్వాత ఆఫీసుకు పోతే పోస్టుమార్టం లేదు, కాగితం లేదు, వడదెబ్బ అని రాయలేం అన్నారు. వడదెబ్బ అంటే ఎండలో తిరిగినవాళ్ళకే అని వాళ్ళూ అనుకున్నారు, మనమూ అనుకున్నాం. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోనూ, 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ వడగాలులకు వెయ్యికి పైగా జనం చచ్చిపోయినట్టు సర్కారు లెక్కలే చెప్పినాయి. మా అవ్వలాంటివాళ్ళు ఆ లెక్కల్లో ఉండరు. ఇంటి కప్పు చంపినట్టు ఏ రికార్డులోనూ రాయరు గదా.

మన చేతిలో ఉన్నది

అడగాల్సినవి అడుగుదాం. అడిగినవి వచ్చేలోపల మన చేతిలో ఉన్నది చేసుకుందాం. పోయిన మార్చిలో మేం, మా కుర్రవాళ్ళు కలిసి మూడు స్లాబు ఇండ్ల మీద సున్నం పూసి చూసినాం. ఒకటి ఒంటరి ముసలమ్మది, ఒకటి బాలింతది, ఒకటి పది పరీక్షలు రాసే పిల్లది. తెల్లటి కప్పు ఎండను తాగదు, తిప్పి కొడుతుంది. ఇట్లాంటి కప్పులు కొలిచి చూసినవాళ్ళు లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుందని చెప్తున్నారు. మాకు కొలత పరికరం అక్కరలేకపోయింది. పూసిన వారానికి పక్కిండ్ల వాళ్ళు వచ్చి "మాకెప్పుడు పూస్తారన్నా" అని అడిగినారు.

పద్ధతి ఇది. కప్పు ఊడ్చి, కడిగి, బీటలు సిమెంటుతో పూడ్చాలి. ముందురోజే సున్నం నీళ్ళలో నానబెట్టాలి. రాయి సున్నమైతే నీళ్ళు పోయంగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లలను దగ్గరికి రానియ్యకూడదు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం, వెంటనే మంచినీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి పోవాలి. నానిన సున్నం గుడ్డలో వడగట్టి, తుమ్మబంక కలిపి, పొద్దు వాటారినాక పూయాలి. ఒక పూత ఆరినాక ఇంకో పూత, మొత్తం రెండు మూడు. వానలకు కొట్టుకపోతుంది, ఏటా ఎండాకాలం ముందు మళ్ళీ పూయాలి.

సిమెంటు రేకుల ఇండ్లవాళ్ళు జాగ్రత్త. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరు తెస్తుంది. రేకును గీకొద్దు, కోయొద్దు, పొడిగా రుద్దొద్దు. ఎక్కి తొక్కితే విరిగి మనిషి కింద పడతాడు. రేకుల ఇంటికి మేలైన పని లోపల జానెడు ఎడం వదిలి, పొయ్యికి దూరంగా, వెదురు తడిక కట్టుకోవడం. ముంగిట్లో పందిరి వేసి సొర తీగో బీర తీగో ఎక్కిస్తే గోడ మీద ఎండ పడదు. పోసుకున్న నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఆ పాదుకు చాలు.

కిటికీ విషయంలో మన అలవాటు మారాలి. ఉక్కగా ఉందని పగలంతా తెరిచి పెడతాం, దొంగల భయంతో రాత్రి మూస్తాం. ఇది తిరగబడాలి. పొద్దు ఎక్కినాక మూసి, పొద్దు గుంకినాక తెరవాలి. దానికి కిటికీకి గట్టి కమ్మీలు, దోమతెర కావాలి. మన వైపు గాలి పొడిగాలి, తడి గోనెపట్ట కిటికీకి కట్టితే గాలి చల్లబడుతుంది. మట్టికుండ నీళ్ళు చల్లగా ఉండేది కూడా ఈ గుణంతోనే. కొత్త ఫ్యాను కొనే స్తోమత ఉన్నవాళ్ళు 30 వాట్ల ఫ్యాను కొంటే పాతదానిలో సగం కన్నా తక్కువ కరెంటు కాలుతుంది. ఇన్వర్టరు మీద కూడా ఎక్కువసేపు నిలబడుతుంది.

సర్కారును అడగాల్సినది

మనలో కొందరు మిత్రులు అంటున్నారు: "భూమి కోసం పోరాడాల్సినవాళ్ళం సున్నం పూసుకుంటూ కూర్చుంటే ఎట్లన్నా? సర్కారు చేయాల్సిన పని మనం చేస్తే వాళ్ళు తప్పించుకుంటారు." ఈ మాటలో నిజం ఉంది. సున్నం బకెట్టుతో కులం పోదు. కాని పరీక్ష రాసే పిల్ల భూమి పంచేదాకా ఆగలేదు. పైగా సున్నం పూసిన ప్రతి కప్పూ ఒక సాక్ష్యం. వందల్లో అయ్యే పనిని లక్షలు ఖర్చు పెట్టి కట్టించిన ఇంటికి ఎందుకు చేయలేదని అడగడానికి మనకు నోరు వస్తుంది. చేసి చూపించి అడుగుదాం.

వేరే చోట్ల చేస్తున్నదే. అహమ్మదాబాదు నగరంలో 2010 మే నెల వడగాలికి వందల మంది పోయినాక, 2013లో వడగాలి ప్రణాళిక తయారు చేసినారు. తర్వాత పేదల బస్తీల్లో కప్పులకు తెల్ల సున్నం పూయించినారు. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. సర్కారు భవనాలకు, 600 గజాలు దాటిన స్థలంలో కట్టే ఇండ్లకు అది తప్పనిసరి. సొంతంగా కట్టుకున్న చిన్న ఇండ్లకు ఇష్టమైతే చేసుకోవచ్చని వదిలేసింది. 600 గజాలంటే పన్నెండు సెంట్ల పైమాట. పన్నెండు సెంట్లవాడు ఎట్లయినా ఏసీ పెట్టుకుంటాడు. 72 గజాలవాడి కప్పుకే ముందు చట్టం కావాలి. మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి, దళితవాడల నుంచే మొదలుపెట్టాలి.

కాబట్టి వచ్చే గ్రామసభలో ప్రతి వాడ నుంచి ఈ అర్జీ పోవాలి. ప్రభుత్వం కట్టించిన ప్రతి ఇంటి కప్పుకూ తెల్లపూత, దాని ఖర్చు ఇల్లు మంజూరు డబ్బుతో కాక విడిగా ఇవ్వాలి. కొత్తగా కట్టే ఇంటికి ఎదురెదురు కిటికీలు లేకుంటే ప్లాను ఒప్పుకోకూడదు. మూడు సెంట్ల స్థలం చూపించాలి, అది ఊరికి ఆనుకొని ఉండాలి. కాలనీ వీధుల్లో వేప, కానుగ నాటించి, మూడేండ్లు నీళ్ళు పోసే కూలి కాలనీ ఆడవాళ్ళకే ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ ఇండ్ల మీద ఉచితంగా రెండు కిలోవాట్ల సోలారు పలకలు పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పలక కరెంటుతో పాటు కప్పుకు నీడ కూడా ఇస్తుంది. మంచిదే. కాని బీటలు పట్టిన స్లాబు ఆ బరువు మోస్తుందా అని ముందు ఇంజనీరు వచ్చి చూడాలి, రేకుల ఇండ్లవాళ్ళ సంగతి ఏంటో చెప్పాలి. ఇంట్లో చచ్చిపోయినా వడదెబ్బ అయితే వడదెబ్బ అనే రాయాలి.

మిత్రులారా, 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్ళు బాబాసాహెబ్ చేతుల్లోకి తీసుకున్నది దాహం వేసి కాదు. నీళ్ళు అందరివీ అని చెప్పడానికి. నీడ కూడా అంతే. ఒక ఊర్లో ఒక వైపు మధ్యాహ్నం నిద్రపోతూ ఇంకో వైపు కాలిపోతుంటే దాన్ని వాతావరణం అనరు, అన్యాయం అంటారు.

ఏడో తరగతి పిల్లకు ఇప్పుడు జవాబు చెప్తాం. "అమ్మా, మీ నాయన చేసింది పొదుపు కాదు. మీ ఇంట్లో నుంచి మీ నాయనను ఎండ వెళ్ళగొట్టింది. వచ్చే డిసెంబరు వ్యాసంలో అదే రాయి. నల్లబల్ల మీద 24 డిగ్రీలు మేం రాయం. మీ కప్పు మీద ఎండ ఎందుకుందో, అది ఎట్లా పోవాలో రాస్తాం."

ఈలోపల మార్చి వస్తుంది. ప్రతి వాడలో ఒక ఆదివారం, ఒక సున్నం బస్తా, పదిమంది కుర్రవాళ్ళు, ముందు ఒంటరి అవ్వల ఇండ్లు. సాయంత్రం అదే చెట్టు కింద కూర్చొని అర్జీ మీద సంతకాలు. అక్కడ మొదలుపెడదాం.